ఇన్‌చార్జి గుర్రం

మురుగునీటి పారుదలను అధ్యయనం చేసి రమ్మని నగరపాలక సంస్థ ఏడుగురిని విదేశాలకు పంపింది. ఆ దేశంలో మురుగు కాలవలన్నీ భూమి లోపల ఉంటాయట, అందుచేత మనవాళ్ళకు ఒక్కటీ కనిపించలేదు. కనిపించింది ఒక పార్కు, అందులో గుర్రాల మీద తిరుగుతున్న జనం. అంత దూరం వెళ్ళినందుకు ఏదో ఒకటి నేర్చుకుని రావాలి కదా అని, బృందం గుర్రాలను అధ్యయనం చేసి వచ్చింది.

అలా గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, వాటర్‌ట్యాంకు పార్కు అని అందరూ పిలిచే చోట, అశ్వవిహార మార్గం వెలిసింది. చుట్టూ పన్నెండు వందల మీటర్ల ఎర్రమట్టి బాట, రెండు వైపులా తెల్లరంగు పూసిన కర్ర కంచె, వంపు వంపుకూ ‘నిదానించుము, అశ్వములు మలుపు తిరుగు చోటు’ అని ఒక బోర్డు. అంతకు ముందు అది జనం నడిచే బాట. దాన్నే వెడల్పు చేసి, మెత్తటి మట్టి పోశారు. మిగతా స్థలమంతా పచ్చిక వేసి ‘తొక్కరాదు’ అని రాశారు. దాంతో పార్కులో మనిషన్నవాడు కాలు పెట్టదగ్గ చోటు గేటు పక్కనున్న సిమెంటు పలక ఒక్కటే మిగిలింది. ఊళ్ళో గుర్రపు స్వారీ చేసేవాళ్ళు ఒక్కరూ లేరన్న సంగతి ఎవరి దృష్టికీ రాలేదు. ప్రాజెక్టు రిపోర్టులో ఆ కాలమ్ లేదు.

ఇదేదీ భ్రమరాంబకు తెలియదు. బాట వేస్తున్న నాలుగు నెలలూ ఆవిడ ముందు మంచం మీద, తర్వాత ఆసుపత్రిలో ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపర్‌వైజరుగా రిటైరైంది. ఎడమ మోకాలి కీలు అరిగిపోతే తీసి కొత్తది పెట్టారు. ఆ కొత్తది ఎనభై డిగ్రీల దాకా వంగి, అక్కడ మొండికేసింది.

“ఆరు వారాలు చూద్దామండి,” అన్నాడు డాక్టరు, చీటీ రాస్తూ. “రోజూ నలభై అయిదు నిమిషాలు నడవండి. చదునుగా ఉండాలి, మెత్తటి మట్టి నేలయి ఉండాలి. ఆరు వారాల్లో నూట పది డిగ్రీలు వంగితే సరే. వంగకపోతే మత్తిచ్చి మేమే వంచాల్సి ఉంటుంది.”

వార్డులో పక్క మంచం ఆవిడకు అలాగే వంచారు. మత్తు దిగాక ఆ మనిషి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. అది చూసినప్పటినుంచీ భ్రమరాంబకు లోపల వణుకే. పైకి చెప్పుకునే రకం కాదు గానీ, భయపడిందన్నది నిజం. ఆవిడ ఉండే వీధి చూడబోతే ఏటవాలు సిమెంటు రోడ్డు. అందులోనూ సగం, మురుగు కాలవ కోసం తవ్వి, అధ్యయన బృందం తిరిగొచ్చాక చూద్దామని వదిలేశారు. కాబట్టి చేతికర్ర పట్టుకుని, ఆటో ఎక్కి, పార్కుకు వచ్చింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నూకరాజు అడ్డంగా నిలబడ్డాడు.

“అమ్మగారూ, లోపలికెళ్ళకూడదండి.”

“ఏం?”

“గుర్రాలకండి ఇది.”

భ్రమరాంబ కర్ర మీద ఆనుకుని బాటంతా కలియజూసింది. “గుర్రాలేవీ?”

“ఇంకా రాలేదండి.”

“మరి అవి వచ్చేదాకా నన్ను నడవనీయొచ్చు కదా?”

“మీకు తెలవదండి. మొన్నొక కుక్క దూరిందని నాకు మెమో ఇచ్చారండి. కుక్కకివ్వలేరు కదండీ, అందుకని నాకిచ్చారు. రోజూ సాయంత్రం ఏఈగారొచ్చి మట్టి మీద వంగి చూత్తారండి. గిట్ట గుర్తు తప్ప చెప్పు గుర్తు కనపడిందంటే నా పనైపోద్ది.”

“గిట్ట గుర్తులు కనబడ్డాయా ఎప్పుడైనా?”

“లేదండి. ఏ గుర్తూ లేదు, మార్గం సక్రమంగా ఉందని రాసుకుని ఎల్తారండి.”

సిమెంటు పలక మీద ముప్పై మంది దాకా పెద్దవాళ్ళు నిలబడిన చోటనే కాళ్ళు ఆడిస్తున్నారు. వాళ్ళంతా పాత బాట మీద నడిచినవాళ్ళే. అలవాటు మానలేక రోజూ వచ్చి, వంతులవారీగా పలకెక్కి, నిలబడి నడిచి ఇంటికి పోతున్నారు. భ్రమరాంబకు ఆ పలక మీద కూడా చోటు దొరకలేదు.

మర్నాడు ఆవిడ కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్ళింది. అశ్వవిహార మార్గానికి ప్రత్యేకాధికారి పినాకపాణి. ఫైళ్ళలో రాసే భాషనే ఇంట్లో పెసరట్టు అడగడానికి కూడా వాడతాడని ఆయనకు పేరు.

“కూర్చోండమ్మా. తమరి విన్నపం సానుభూతితో పరిశీలించబడినది. ప్రస్తుత పరిస్థితులలో ఆమోదించుటకు వీలుపడదు.”

“నేనింకా ఏమీ అడగలేదండి.”

“అడగకముందే పరిశీలించడం మా సత్వర సేవా విధానంలో భాగం. తమరు పాదచారులు. పాదచారులు అనే వర్గం సదరు మార్గం పరిధిలోకి రాదు.”

“ఆ నిబంధనలు ఒకసారి ఇలా ఇస్తారా?”

నలభై ఒక్క పేజీల పుస్తకం. భ్రమరాంబ దాన్ని వెనకనుంచి చదవడం మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజిలో ఆవిడకు అబ్బిన అలవాటది. ఏ నిబంధనల పుస్తకమైనా ముందు పేజీల్లో కాదంటుంది, చివరి పేజీల్లో ఎక్కడో ఒకచోట తప్పక ఔనంటుంది, అక్కడిదాకా చదివే ఓపిక జనానికి ఉండదని ఆవిడ నమ్మకం. ముప్పై తొమ్మిదో పేజీ దగ్గర వేలు ఆగింది.

“‘అశ్వమునకు అలసట కలిగినచో ఆరోహకుడు దిగి, కళ్ళెము చేతబట్టి, అశ్వముతోపాటు కాలినడకన సాగవచ్చును.’ దిగినవాళ్ళు నడవచ్చన్నమాట.”

“నడవచ్చు. అయితే దిగుటకు పూర్వం ఎక్కి ఉండవలెను కదా.”

“ఎక్కినట్టు రుజువు చూపించాలని ఎక్కడుందండి?”

పినాకపాణి పుస్తకం లాక్కుని చూశాడు. లేదు. తర్వాత ఆయన ముఖంలో ఏదో మార్పు వచ్చింది. అయిదు వారాల్లో రాజధాని నుంచి తనిఖీ కమిటీ రాబోతోంది. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ అశ్వమార్గం ఏదో తేలుస్తారట. పోటీలో ఉన్నది ఈ ఒక్క మార్గమే, అయినా వినియోగం సున్నా అయితే రెండో స్థానం ఇచ్చే ప్రమాదం ఉంది. ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

“అమ్మా, మీకెక్కడైనా గుర్రం దొరుకుతుందా?”

ఊరు మొత్తానికి ఉన్నది ఒకే గుర్రం. దాని పేరు మోతీ, తెల్ల ఆడగుర్రం. ఊళ్ళో ఏ పెళ్ళికొడుకు ఊరేగినా దాని మీదే ఊరేగాలి. దాని యజమాని జానీ బాషాకు పంచాంగం పురోహితులకంటే బాగా వచ్చు. దుర్ముహూర్తం ఎన్ని గంటలకో, వర్జ్యం ఎప్పుడు విడుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. భ్రమరాంబ వెళ్ళేసరికి షెడ్డు ముందు దిగులుగా కూర్చుని ఉన్నాడు.

“మూఢమండి. ఇంకా ఇరవై రెండు రోజుల దాకా ముహూర్తాల్లేవు. కట్టేసి కట్టేసి దీని కాళ్ళు బిగిసిపోతన్నాయండి. రోడ్డు మీద నడిపిద్దామంటే సిమెంటుకి గిట్టలు అరిగిపోతన్నాయి.”

భ్రమరాంబ మోతీ మోకాళ్ళ వైపు చూసింది. మోతీ కూడా ఆవిడ చేతికర్ర వైపు చూసింది. ఇక వాళ్ళిద్దరి మధ్యా వేరే పరిచయాలు అవసరం పడలేదు.

మర్నాడు ఉదయం నూకరాజు గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. మోతీ లోపలికి వచ్చింది, పక్కనే కళ్ళెం పట్టుకుని భ్రమరాంబ. పలక మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు. మోతీ ఎర్రమట్టి మీద నాలుగు కాళ్ళూ పెట్టి, ఆగిపోయింది. అదిలించారు. కదల్లేదు. బెల్లం చూపించారు. బెల్లం తిని అక్కడే నిలబడింది.

“బ్యాండు లేదు కదండీ,” అన్నాడు జానీ బాషా, ఇంతసేపూ ఎందుకు ఆశ్చర్యపోతున్నారో అర్థం కానట్టు. “పదకొండేళ్ళుగా బ్యాండు వెనకాల తప్ప ఒక్కడుగు ఏసెరగదండి. ఇక్కడిదాకా కూడా ఫోన్లో బ్యాండు పాట పెట్టి తీసుకొచ్చానండి. ఇప్పుడు చార్జింగు అయిపోయింది.”

సమస్య పినాకపాణి దగ్గరకు పోయింది. బ్యాండువాళ్ళంటే పాదచారులు, పాదచారులకు ప్రవేశం లేదు. ఆయన రెండు రోజులు ఆలోచించి ఉత్తర్వు జారీ చేశాడు. బ్యాండు లేనిదే గుర్రం కదలదు కనుక బ్యాండు మేళం జీను, కళ్ళేల వంటి అశ్వసామగ్రి అనీ, సామగ్రి నడిచినంత మాత్రాన పాదచారి కాజాలదనీ దాని సారాంశం. మూఢం వల్ల పనిలేక కూర్చున్న పదకొండు మంది బ్యాండువాళ్ళూ సాధన అవుతుందిలే అని సంతోషంగా వచ్చారు. ఒక్కొక్కరి మెడలో ఒక్కో బిళ్ళ వేశారు. క్లారినెట్ వాయించే పెద్దాయన అశ్వసామగ్రి - 4.

బ్యాండు మోగింది. మోతీ నాలుగడుగులు వేసింది, మళ్ళీ ఆగింది. మెడ తిప్పి ఎవరికోసమో చూసింది.

“ఇప్పుడేమైంది?” అంది భ్రమరాంబ.

“రోడ్డంతా నేనే ముందర గంతులేసి తీసుకొచ్చి అలిసిపోయానండి. ఇక్కడెవరూ డాన్సు కట్టట్లేదు కదా. నాలుగడుగులకోసారి ఆగి, కుర్రాళ్ళు గంతులేసి అలిసిపోయాక కదలడం దానికి అలవాటండి. మరేదగా ఆగింది పాపం.”

మళ్ళీ ఫైలు నడిచింది. ఈసారి ఒక్క పూటలోనే తేలింది, ఎందుకంటే కమిటీ వచ్చే రోజు దగ్గర పడుతోంది. అశ్వమును ముందుకు సాగుటకు ఉత్సాహపరచు నిమిత్తము ముప్పై రెండు మంది అశ్వప్రేరకులను గౌరవ హోదాలో నియమించవలెను. దరఖాస్తులు పిలిస్తే పలక మీదివాళ్ళే అందరూ పెట్టారు. ఎంపిక పరీక్షలో ట్రెజరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన, సొంత పెళ్ళిలో కూడా నవ్వలేదని చెప్పుకునే మనిషి, చేతిరుమాలు గాల్లో తిప్పుతూ మూడు గంతులు వేశాడు. మోతీ కదిలింది. ఆయన్ను సీనియర్ ప్రేరకుణ్ణి చేశారు.

ఇక రోజూ ఉదయం వాటర్‌ట్యాంకు పార్కులో పెళ్ళికొడుకు లేని ఊరేగింపు జరిగింది. నాలుగడుగులు నడక, నాలుగు నిమిషాలు డాన్సు. భ్రమరాంబ కళ్ళెం పట్టుకుని నడిచేది. ఆగినప్పుడు నలుగురితోపాటు తనూ మోకాలు ఎత్తి దించేది. మొదట్లో ప్రాణం పోయినంత నొప్పి వచ్చేది, బ్యాండు హోరులో మూలుగు ఎవరికీ వినబడకపోవడం ఒక సదుపాయం. మూడు వారాలు గడిచేసరికి మోకాలు తొంభై ఎనిమిది డిగ్రీలు వంగింది. మోతీ కాళ్ళు కూడా తేలికపడ్డాయి.

అంతలో మూఢం పోయింది.

“రోజుకి రెండేసి ముహూర్తాలండి. నెల్లాళ్ళ దాకా తీరికుండదు. ఏమనుకోకండమ్మగారూ,” అన్నాడు జానీ బాషా, మొహం చిన్నబుచ్చుకుని. బ్యాండులో సగంమంది కూడా మోతీ వెనకే పోయారు.

మర్నాడు నూకరాజు గేటు తియ్యలేదు. “అమ్మగారూ, మీరు గుర్రం దిగినోరండి. గుర్రమే లేదు, దేని మీంచి దిగారని రాయమంటారు?” అన్నాడు. అతనికీ బాధగానే ఉంది. గుర్రం లేకపోతే సామగ్రి లేదు, ప్రేరకులూ లేరు. ముప్పై రెండు మందీ మెడలో బిళ్ళలతో తిరిగి సిమెంటు పలక ఎక్కారు. డాక్టరు ఇచ్చిన గడువుకు ఇంకా మూడు వారాలుంది, వంగాల్సింది పన్నెండు డిగ్రీలు. నడక మానేసిన నాలుగు రోజులకే మోకాలు మళ్ళీ బిగుసుకోవడం తెలుస్తోంది. భ్రమరాంబకు గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి గుర్తొచ్చింది. ఆటో పిలిచి కార్పొరేషన్ ఆఫీసుకు పోనిమ్మంది.

పినాకపాణి రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. “పది రోజుల్లో కమిటీ, అశ్వం చూస్తే వివాహ విధులలో నిమగ్నమై ఉన్నది.”

“ఒక్క మాట అడుగుతానండి. మీ ఆఫీసులో ఎవరైనా సెలవు మీద పోతే ఏం చేస్తారు?”

“వేరొకరికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తాం. పోస్టు ఖాళీగా ఉండరాదు. నేనే చూడండి, శ్మశానాలకూ కుక్కల నియంత్రణకూ కూడా ఇన్‌చార్జిని.”

“అలా అప్పగించిన మనిషికి ఆ పని రావాలా?”

“రానవసరం లేదు. మూడేళ్ళు విద్యుద్దీపాల విభాగం చూశాను, ఇంట్లో బల్బు మార్చడం ఈ రోజుకీ తెలియదు.”

“మరి గుర్రం పోస్టు నాలుగు రోజులుగా ఖాళీగా ఎందుకు ఉంచారు?”

పినాకపాణి తలెత్తాడు. తర్వాత మెల్లగా కలం మూత తీశాడు.

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. ‘మోతీ అను అశ్వము అన్య విధులపై వెళ్ళినందున, అది తిరిగి చేరువరకు, సదరు అశ్వముతో అత్యధిక కాలము మెలగిన శ్రీమతి భ్రమరాంబ గారు తమ ప్రస్తుత బాధ్యతలకు అదనముగా అశ్వ బాధ్యతలు నిర్వహించవలెను. వీరి చెప్పు గుర్తులను గిట్ట గుర్తులుగా పరిగణించవలెను.’

“ప్రస్తుత బాధ్యతలంటే ఏంటండీ? నేను రిటైరయ్యాను కదా,” అంది భ్రమరాంబ.

“మనిషిగా ఉండటం అమ్మా. దానినుంచి తమరిని తప్పించడం లేదు.”

మొదటి రోజు ఆవిడ సిగ్గుతో తలెత్తలేదు. జానీ బాషా పెళ్ళికీ పెళ్ళికీ మధ్య పరుగున వచ్చి, చార్జి అప్పగించినట్టు మోతీ మెడలోని గంటల పట్టీ ఒకటి ఆవిడ చేతికర్రకు కట్టిపోయాడు. నూకరాజు రిజిస్టరులో ‘గుర్రం - 1 (ఇన్‌చార్జి)’ అని రాసి, సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. ఒకసారి అలసి బల్ల మీద కూర్చోబోతే “గుర్రాలు కూకోకూడదండి, రూలు,” అని గుర్తుచేశాడు. అందుచేత నలభై అయిదు నిమిషాలూ నడవక తప్పలేదు. మూడో రోజు ఎవరో “గుర్రంగారూ, కొంచెం పక్కకండి,” అంటే ఆలోచించకుండానే పక్కకు జరిగింది.

ఒక చిక్కు మాత్రం వచ్చిపడింది. కొత్త గుర్రం నాలుగడుగులకోసారి ఆగదు. డాన్సు కడదామని ముందుకెళ్ళిన ప్రేరకులు తిరిగి చూసేసరికి అది వాళ్ళను దాటిపోయి ఉండేది. దాన్ని అందుకోవడానికి ముప్పై రెండు మందీ గబగబా అడుగులు వేయాల్సి వచ్చింది, వాళ్ళ వెనక మిగిలిన ఆరుగురు అశ్వసామగ్రీను. అలా పార్కులో జనమంతా మళ్ళీ నడక మొదలుపెట్టారు. వాళ్ళలో పాదచారి ఒక్కరూ లేరు.

కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు, అధ్యక్షుడు పశువైద్యాధికారి. షామియానా కింద కూర్చుని ముందు రిజిస్టర్లు చూశారు. వినియోగం నూటికి నూరు శాతం ఉంది. తర్వాత అధ్యక్షుడు కళ్ళజోడు సర్దుకుని అడిగాడు.

“గుర్రం ఎక్కడండీ?”

ఆ ముందు రోజు రాత్రి భ్రమరాంబ ఇంట్లో కొలుచుకుంటే మోకాలు నూట నాలుగు డిగ్రీల దగ్గర ఉంది. గడువు ఇంకో వారం. ఈయన ఇది గుర్రం కాదని ఒక్క ముక్క రాశాడంటే, రేపు గేటు మూస్తారు. పినాకపాణి ముందుకు వంగి ఉత్తర్వు అందించాడు. అధ్యక్షుడు దాన్ని రెండుసార్లు చదివాడు.

“ఇన్‌చార్జా? ముందే చెప్పొద్దూ. మా డైరెక్టరుగారూ ఇన్‌చార్జే,” అని ఫారం తీశాడు. “రంగు?”

“చామనచాయ,” అన్నాడు పినాకపాణి.

“పళ్ళు?”

“పైవరస కట్టుడువండి,” అంది భ్రమరాంబ.

రాసుకున్నాడు. “సరే, ఒక రౌండు నడిపించండి.”

భ్రమరాంబ కర్ర ఎత్తింది, గంటలు మోగాయి, సామగ్రి అందుకుంది. ఆవిడ ఆ రోజు నడిచినట్టు ఎన్నడూ నడవలేదు. మోకాలు కలుక్కుమంటున్నా వినకుండా, పన్నెండు వందల మీటర్లూ ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చి షామియానా ముందు నిలబడింది. సభ్యులిద్దరూ ఫారాల్లో ఏదో నింపుతున్నారు. అధ్యక్షుడొక్కడే కలం పక్కన పెట్టి లేచి వచ్చాడు. ఎన్నో ఎద్దుల కాళ్ళు చూసిన మనిషి. ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, ఎడమ మోకాలి వైపు చూశాడు.

“ఇది ఎన్నాళ్ళ నుంచమ్మా?”

“అయిదో వారమండి.”

“నొప్పుందా?”

“ఉందండి,” అంది భ్రమరాంబ. ఆ మాట ఆవిడ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కూడా ఫారంలో రాస్తారేమోనని తుడిచేసుకుంది.

ఆయన లేచాడు. వెళ్ళి కూర్చుని చాలాసేపు రాశాడు. వారం తిరక్కుండా ఉత్తమ అశ్వమార్గం అన్న బిరుదు ఆ ఊరికి వచ్చింది. పినాకపాణికి అభినందనతోపాటు ఈత కొలనుల విభాగం అదనపు బాధ్యత ఇచ్చారు. కమిటీ నివేదిక ప్రతి ఒకటి నూకరాజు గేటుకు అంటించాడు, ఇంకొకటి భ్రమరాంబకు ఇచ్చాడు.

ఆరు వారాలు నిండిన రోజున ఆవిడ ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరు మోకాలు వంచి, కొలబద్ద పెట్టి చూశాడు. నూట పన్నెండు. మళ్ళీ పెట్టి చూశాడు. అదే.

“ఇక మేం వంచక్కర్లేదు. నేను రాసిచ్చింది బాగా పాటించారు,” అన్నాడు.

భ్రమరాంబ సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి ఆయన చీటీయే. డాక్టరు రెండోది చదివాడు.

‘అశ్వము వయసు పైబడినదే అయినను నడక తృప్తికరము. స్వభావము మొండి. ఎడమ మోకాలు ఇంకను పూర్తిగా వంగుట లేదు. కావున ప్రతిదినము నలభై అయిదు నిమిషములు, చదునైన మెత్తని మట్టినేలపై తప్పక నడిపించవలెను. ఇందుకు ఆటంకము కలిగించువారు జంతు సంక్షేమ నిబంధనల ప్రకారము శిక్షార్హులు.’

“ఇది ఎవరు రాశారండీ?”

“పశువుల డాక్టరుగారు.”

“అచ్చం నేను రాసినట్టే ఉందే.”

“మీరు చెప్పిందే ఆయనా చెప్పారు డాక్టరుగారూ. కాకపోతే ఆయన రాసినదానికి గేటు తీస్తారు,” అని భ్రమరాంబ రెండో కాగితం మాత్రం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని, చేతికర్ర అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయింది.